హాజీకి ఒక మట్టి, మజ్దూర్‌కు ఒక మట్టా?



మా గల్లీలో ఒక నానా హజ్‌కు వెళ్లి మక్కాలోనే ఇంతెఖాల్ అయ్యారు. ఇల్లంతా ఏడ్చింది. మర్నాటికే అందరూ "ఎంత ఖుష్‌నసీబో, అక్కడి మట్టి దొరికింది" అన్నారు. మయ్యత్‌ను తెప్పించండని ఒక్కరూ అనలేదు.

కొన్నేళ్లకు మా ఖాలా కొడుకు దమ్మామ్‌లో పోయాడు. డ్రైవరు. రాత్రి పడుకున్నవాడు ఫజర్‌కు లేవలేదు. అదే దేశం, అదే ఖిబ్లా. ఈసారి మాత్రం "పరాయి దేశంలో లావారిస్‌లా వదిలేస్తారా?" అని అదే గల్లీ లేచింది.

అలా లేచినవాళ్లలో నేనూ ఉన్నాను. జర్నలిస్టునని కాగితాల పని నాకే అప్పజెప్పారు. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు కాగితం, డెత్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ ఎన్‌ఓసీ, ఎంబామింగ్ సర్టిఫికెట్, కార్గో బుకింగ్. ఒకటి వస్తే ఇంకొకటి ఆగేది. నా తమ్ముడు 26 రోజులు మార్చురీ ఫ్రీజర్‌లో ఉన్నాడు. చివరికి శంషాబాద్ కార్గో గేటు దగ్గర సంతకం పెట్టి ఒక పెట్టె తీసుకున్నాం. నిజామాబాద్ చేరేసరికి తెల్లారింది. మూత తీసిన పెద్దాయన వెంటనే మూసేశాడు. "ఆపా, మీరు చూడొద్దు" అన్నాడు ఖాలాతో.

మొహం చూపించడానికే కదా ఇంత చేసింది?

జనాజా విషయంలో జల్దీ చేయమని సహీ హదీసులో ఉంది. ఉహుద్ షహీదులను ఇళ్లవాళ్లు మదీనాకు మోసుకొస్తే, ఎక్కడ పడిపోయారో అక్కడికే తిరిగి తీసుకెళ్లి దఫన్ చేయమని రసూలుల్లాహ్ (స) హుకుం ఇచ్చారు. ఉహుద్ మదీనాకు పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేదు. హజ్రత్ ఆయిషా (ర) తన సోదరుడు అబ్దుర్రహ్మాన్‌ను వేరేచోటి నుంచి మక్కాకు తెచ్చి దఫన్ చేశారని తెలిసి, తాను ఉండి ఉంటే పోయినచోటే దఫన్ అయ్యేవాడని అన్నారు. మన హనఫీ ఫిఖ్‌లోనూ పోయినచోటే దఫన్ చేయడం మేలని ఉంది. జుమా బయాన్‌లో ఇవన్నీ విని తలలూపుతాం. మన ఇంటి ఫోన్ మోగిన రోజు మాత్రం మరిచిపోతాం.

మన హిందూ సోదరులకు ఆ దారి లేదు. సౌదీలో దహనానికి చోటు లేదు గనుక వాళ్లు తెప్పించుకోక తప్పదు. మనకు ఆ మజ్‌బూరీ ఎక్కడిది? అక్కడ ఖబరస్తాన్ ఉంది, గుసుల్ ఇచ్చేవాళ్లున్నారు, జనాజాకు సఫ్‌లు కట్టేవాళ్లున్నారు. కావలసింది వారసుల రాతపూర్వక ఇజాజత్. మనం ఇవ్వనిది అదే.

"తల్లికి దీదార్ హక్కు లేదా?" అంటారు. ఉంది. ఖఫన్ కట్టేముందు రూమ్మేట్లు వీడియో కాల్‌లో చూపిస్తారు. ఆ మొహం అప్పటికింకా కొడుకు మొహమే. ఇంకో మాట. ఖాలా కోసమని తెచ్చాం కదా, మా దగ్గర ఆడవాళ్లను ఖబరస్తాన్‌కు పోనివ్వరు. ఆ ఖబర్‌ను ఆమె ఈ రోజుకీ చూడలేదు. మరి ఎవరి కోసం తెచ్చినట్టు? నలుగురి నోళ్ల కోసం.

ఇక నా గునాహ్ చెబుతాను. మయ్యత్ తొందరగా కదలాలంటే సంతకం కావాలని కంపెనీ మనిషి ఒక కాగితం పంపాడు. చదవకుండా వాడి బేవాతో సంతకం పెట్టించాను. బకాయి జీతం గానీ సర్వీసు డబ్బు గానీ తమకు రావలసింది ఏమీ లేదని అందులో ఉంది. తొమ్మిదేళ్ల నౌకరీ! పెట్టె వచ్చింది, పైసా రాలేదు. ఆమె ఇప్పుడు ముగ్గురు పిల్లలతో బీడీలు చుడుతోంది.

మనం పరుగెత్తాల్సింది ఆ డబ్బు కోసం. దఫన్ అక్కడే జరిగినా బకాయిలు ఎంబసీ ద్వారా అడగవచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ సర్కారు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది, దరఖాస్తు కలెక్టరాఫీసులో. ఇంకొకటి, ఇద్దత్ మౌత్ రోజు నుంచే లెక్క. మయ్యత్ వచ్చాక మొదలవుతుందని చెప్పి బేవాను అదనంగా కూర్చోబెట్టకండి.

కొడుకు ఫ్లైట్ ఎక్కేముందు సూట్‌కేసులో అచార్ సీసా సర్దుతాం. పక్కనే ఒక వసీయత్ కాగితం కూడా పెట్టించండి: "నాకేమైనా అయితే అక్కడే దఫన్ చేయండి. నా హక్కు డబ్బు నా భార్యాపిల్లలకు చేర్చండి." దాని నకలు ఇంట్లో ఉంచండి. అపశకునం అనకండి. వసీయత్ రాసిపెట్టుకోవడం దీన్ చెప్పిన పనే.

అల్లాహ్ నా తమ్ముడికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. వాడి బేవాకు నేను పోగొట్టిన హక్కు మాత్రం ఇంకా నా మెడ మీదే ఉంది.