తూకానికి వేసే ముందు కొట్టి చూడండి

సోలాపూర్ చద్దర్‌కు జీఐ గుర్తింపు ఉందని మనం గర్వంగా చెప్పుకుంటం. తూర్పు భాగంలో మన సాలోళ్ల ఇండ్లలో అటక మీదున్న పాత పెంకను మాత్రం తుప్పు పట్టిందని తూకానికి వేస్తున్నం. ఇది నష్టపు బేరం అంటాను.

ముందు అది ఏ పెంకో గుర్తుపట్టాలి. పోత ఇనుమును తెలుగులో బీడు అంటాం. నేను చదువుకున్న కన్నడలోనూ బీడే. మరాఠీలో బిడాచా తవా. ఇనుమును కరిగించి అచ్చులో పోసి చేస్తారు కాబట్టి మందంగా, బరువుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, అందుకే పెళుసు. కిందపడితే రేకు పెంక వంగుతుంది, బీడు పగులుతుంది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని, పరీక్షించకుండా దేన్నీ పారెయ్యనివ్వను. పెంకను వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. గంటలా మోగితే మంచిదే. బొంగురుగా పలికితే ఎక్కడో చీలిక ఉండొచ్చు, అట్లాంటిది పొయ్యెక్కించొద్దు.

తుప్పుకు భయపడకండి. స్టీలు పీచుతో తోమి, కడిగి, మంట మీద తడి ఆర్చండి. నూనె పల్చగా రాసి, మిగిలింది తుడిచేసి, పొగ వచ్చేదాకా కాల్చండి. మూడు నాలుగుసార్లు చేస్తే నల్లటి పొర కడుతుంది. చింతపండు పులుసు అందులో కాచొద్దు, పొర పోతుంది. కాలిన పెంక మీద చన్నీళ్లు పొయ్యొద్దు.

నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవుతుంది, ఊడితే ఇంట్లో మళ్లీ వేసుకోలేం. బీడు పొరను ఎన్నిసార్లయినా మనమే కట్టుకోవచ్చు. అమ్మితే వచ్చేది పాత ఇనుము ధరే. ఉంచుకుంటే మీ మనుమలకూ దాని మీద జొన్నరొట్టె కాలుతుంది.