పెళ్ళిబాజా అంటే అంత చులకనా?

మన ఆఫీసుల్లో ఒక రకం సంగీత రసికులుంటారు. హెడ్‌ఫోన్స్‌లో బ్రామ్స్ క్లారినెట్ క్వింటెట్ పెట్టుకుని కోడ్ రాసుకుంటారు. అదే క్లారినెట్టు ఊళ్ళో పెళ్ళిమేళంలో మోగితే "అబ్బా, ఆ గోల ఆపించండ్రా" అంటారు. నా పేచీ వీళ్ళతోనే.

అసలా క్వింటెట్ ఎలా పుట్టింది? 1890లో బ్రామ్స్ ఇక రాసింది చాలనుకున్నాడు. 1891 మార్చిలో జర్మనీలోని మైనింగెన్ అనే చిన్న సంస్థానానికి వెళ్తే, అక్కడి ఆర్కెస్ట్రాలో రిచర్డ్ మ్యూల్‌ఫెల్డ్ క్లారినెట్ వాయిస్తున్నాడు. ఆస్థానంలో జీతగాడు. వయొలిన్‌కని చేరి క్లారినెట్ సొంతంగా నేర్చుకున్నవాడు. బ్రామ్స్ అతనిచేత ప్రత్యేకంగా వాయింపించుకుని విన్నాడు. ఆ ఎండాకాలంలోనే ఒక ట్రయో, ఈ క్వింటెట్ రాసేశాడు, 58 ఏళ్ళ వయసులో.

రెండో భాగం మధ్యలో ఓసారి చెవిపెట్టి వినండి. వయొలిన్లు, వయోలా, చెల్లో గొంతు తగ్గించి వణుకుతుంటే, క్లారినెట్టు లెక్కలన్నీ వదిలేసి ఆలాపనలా ఎక్కుతూ దిగుతూ పోతుంది. హంగరీ సత్రాల్లో, పెళ్ళిళ్ళలో వాయించే జిప్సీల బాణీ అది. అంటే ఏమిటన్నమాట? మీరు 'క్లాస్' అనుకుని వింటున్నదాని నడిమధ్యన ఉన్నది పెళ్ళిమేళమే!

మా వరికుంటపాడు వైపు మేళగాడి సంగతి చూడండి. ఊరేగింపులో ఒక రాగం ఎత్తుకుని నాలుగు నిమిషాలు కాకముందే ఎవడో ఒకడు సినిమా పాట కొట్టమంటాడు. పేరు అడిగేవాళ్ళుండరు, "ఏయ్ మేళం" అని పిలుపు. భోజనానికి ఆఖరి బంతి. ఇప్పుడు అదీ పోయి డీజే వచ్చింది.

క్లారినెట్టుకి శాస్త్రీయం నప్పదంటారా? ఏకేసీ నటరాజన్ గారికి 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది మరి, ఆ వాయిద్యానికే.

"మీ ఊళ్ళో మ్యూల్‌ఫెల్డ్‌లున్నారా?" అని వెక్కిరిస్తారు. ఉన్నారో లేదో తెలియాలంటే ముందు ఓ పది నిమిషాలు నోరు మూసుకుని వినాలి కదా నాయనా! బ్రామ్స్ అంతటివాడు విన్నాడు. మనకేం రోగం?

వచ్చే మాఘంలో మా ఇంట్లో పెళ్ళి. డీజేకి అడ్వాన్సు ఇవ్వొద్దని, ఆ డబ్బు మేళానికే ఇచ్చి, ఎదురుకోలప్పుడు అరగంట వాళ్ళ ఇష్టానికి వదిలేయమని చెప్పాను. మా బాబాయి కొడుకులు నాతో మాట్లాడ్డం మానేశారు :)