ఎముక సాంద్రత అంకెను చూసి ధీమా పడకండి

నెల్లూరు తీరంలో ఎముకల పరీక్ష చేయించుకున్నవారికి, చేయించుకోబోయేవారికి ఇది హెచ్చరిక. రిపోర్టులో సాంద్రత బాగుందని ఉన్నంత మాత్రాన ఎముక గట్టిగా ఉన్నట్టు కాదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికైతే ఆ మంచి అంకే ముప్పును కప్పిపెడుతుంది.

ఆ ధీమాకు మూలం ఒక లెక్క. మోసే బరువును బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని 1892లో జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ సూత్రీకరించాడు. 1987లో అమెరికా వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ దానికి హద్దులు గీశాడు. ఒత్తిడి ఒక స్థాయి దాటితే ఎముక పెరుగుతుంది, మరీ తగ్గితే కరుగుతుంది, ఆ రెంటి నడుమ ఉంటే అలాగే నిలుస్తుంది. కంప్యూటర్ నమూనాలు దీన్నే సమీకరణంగా రాసుకున్నాయి: పడుతున్న ఒత్తిడికీ అలవాటైన ఒత్తిడికీ ఉన్న తేడాను బట్టి సాంద్రత మారుతుంది. వ్యోమగాముల విషయంలో ఇది నిజమని తేలింది. బరువు తెలియని అంతరిక్షంలో తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తరిగిపోతుంది. ఇక ఎముక బలం సాంద్రత వర్గాన్ని (స్క్వేరును) బట్టి పెరుగుతుందని 1977లో పరిశోధకులు కార్టర్, హేస్ చూపించారు.

ఫ్లోరైడ్ దగ్గర ఈ లెక్క బోల్తా పడింది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఎముకలు గుల్లబారిన 202 మంది మహిళలపై జరిపిన పరీక్ష ఫలితాలు 1990లో వెలువడ్డాయి. నాలుగేళ్లు సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవారి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వర్గం లెక్కన బలం 80 శాతానికి పైగా పెరగాలి. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వెన్ను కాని ఎముకలు విరిగిన ఘటనలు మందు తీసుకోనివారిలో 24 అయితే, తీసుకున్నవారిలో 72. ఆ మోతాదు పెద్దదే. కాకపోతే ఆ మందు నాలుగేళ్లే; బోరు నీళ్లు జీవితకాలం.

కారణం స్పష్టం. నమూనాలో ఎముకను పెంచేది బరువు ఒక్కటే. ఫ్లోరైడ్ మాత్రం బరువుతో పని లేకుండానే ఎముక కణాలను రెచ్చగొడుతుంది, ఖనిజ స్ఫటికాల్లోకి చొరబడి వాటి అమరికను చెడగొడుతుంది. పచ్చి ఇటుకకూ బరువుంటుంది, గోడను మాత్రం నిలబెట్టలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. దేశంలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఈ జిల్లావే. తీరంలో ఉన్నాం, మనకేం భయం అనుకోవద్దు. మెట్ట ఊళ్లలో పెరిగి పనుల కోసం కావలికో కృష్ణపట్నానికో దిగివచ్చినవారి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మారినా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. తీరంలో ఉప్పు నీళ్లను నాలుక పట్టేస్తుంది. ఫ్లోరైడ్‌కు రుచీ లేదు, వాసనా లేదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

కాబట్టి వెంటనే చేయాల్సినవి ఇవి. తాగే బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే వేరే నీరు చూసుకోండి, 1.5 దాటితే ఆ నీళ్లు తాగడం మానేయండి. ఎముకల పరీక్షకు వెళ్తే ఏ ఊళ్లో పెరిగారో, ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారో వైద్యుడికి చెప్పండి. పళ్లకు గార పట్టడం, మెడా నడుమూ వంగకుండా బిగుసుకుపోవడం ఉంటే దాచకండి. రిపోర్టు బాగుందని మందులు మీ అంతట మీరే ఆపవద్దు.

జిల్లా యంత్రాంగం ప్రతి తాగునీటి బోరు దగ్గర ఫ్లోరైడ్ మోతాదును బోర్డు మీద రాయించాలి. ఉచిత ఎముకల శిబిరాలు పెట్టేవారు నీటి చరిత్ర అడగకుండా అంకె చేతికివ్వడం మానాలి. తాగిన నీరేదో తెలియకుండా చెప్పే ఎముక సాంద్రత సగం నిజమే; దాన్ని నమ్ముకుంటే విరిగేది మన ఎముకే.