ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడి సొమ్ము

లోన్ యాప్ వాళ్ళు మన కాంటాక్ట్ లిస్టులో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తుంటే, ఇదేదో స్మార్ట్‌ఫోన్ కాలంలో పుట్టిన దరిద్రం అనుకుంటాం. కాదండీ. నూటపదేళ్ళ కిందట న్యూయార్క్‌లో ఇది ఏకంగా ఒక ఉద్యోగం. వాయిదా తప్పినవాడు పనిచేసే చోటికి వడ్డీ కంపెనీ తరఫున ఒకావిడ వచ్చేది. మేనేజరూ, తోటి ఉద్యోగులూ అందరూ వినేలా గొంతు చించుకుని తిట్టిపోసేది. అలాంటి మనిషిని ‘బాలరౌట్’ అనేవాళ్ళు. తిట్లు తిన్నవాడి ఉద్యోగం చాలాసార్లు అక్కడితో సరి.

ఆ వ్యాపారం లోగుట్టు ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే, రస్సెల్ సేజ్ ఫౌండేషన్ అనే సంస్థ పనిగట్టుకుని దాన్ని తవ్వించి, రాయించి, అచ్చు వేయించింది కాబట్టి. పుట్టింది 1907లో. కార్నెగీ కార్పొరేషన్ (1911), రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ (1913) కంటే ముందు. ఆ పెద్ద పేర్లు అందరికీ తెలుసు, దీని పేరు చెప్తే మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. నాకైతే మూడింటిలో ఇదే ఎక్కువ ఇష్టం. కారణం దాని వెనకున్న కథ.

ముందు ఈ సేజ్ గారెవరో చూద్దాం. వాల్‌స్ట్రీట్‌లో అప్పులిచ్చి, షేర్లు తిప్పి కోట్లు గడించినవాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలడని మనం అంటామే, ఆ రకం. 1891 డిసెంబర్‌లో ఒకడు బాంబు సంచీతో ఆయన ఆఫీసుకొచ్చి 12 లక్షల డాలర్లు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు, బాంబు పేలింది. వచ్చినవాడు అక్కడే పోయాడు, సేజ్ మాత్రం బతికి బయటపడ్డాడు. పని మీద అక్కడికొచ్చిన లైడ్‌లా అనే గుమాస్తాకి బాగా దెబ్బలు తగిలాయి. సేజ్ నన్ను తనకి అడ్డం లాక్కున్నాడని ఆయన కేసు వేశాడు. జ్యూరీ అతని పక్షాన తీర్పిచ్చినా 1899లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. సేజ్ జేబులోంచి పైసా రాలలేదు.

అసలు విషయం ఇంకోటుంది. ఇదే సేజ్ మీద 1869లో అధిక వడ్డీ కేసు రుజువైంది. జరిమానా పడింది, ఐదు రోజుల జైలు మాత్రం మాఫీ అయింది. అదే ఏడాది ఆయన ఒలీవియా స్లోకమ్ అనే టీచర్‌ని రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1906లో చనిపోతూ దాదాపు 7 కోట్ల డాలర్లు ఆవిడకి వదిలి వెళ్ళాడు.

అప్పటికి ఒలీవియాకి 77 ఏళ్ళు. పేపర్లో వార్త పడగానే సాయం చేయమంటూ వేలకొద్దీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఎవరికని ఇస్తారు? లాయర్ రాబర్ట్ డి ఫారెస్ట్ సలహాతో ఆవిడ కోటి డాలర్లు పక్కన పెట్టి భర్త పేరునే ఫౌండేషన్ పెట్టింది. ట్రస్టీల్లో ఆడవాళ్ళూ ఉన్నారు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. విడి మనుషులకి డబ్బు పంచకూడదని, కష్టం ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టాలని అనుకున్నారు. ఉత్తరం రాసి ఎదురుచూస్తున్న మనిషి వైపు నుంచి చూస్తే ఇది కఠినమైన నిర్ణయమే. కాదని నేననను.

అలా వెతగ్గా కనిపించినవాటిలో ఒకటి వడ్డీ. ఫౌండేషన్ సాయంతో క్లారెన్స్ వాసమ్ జీతం మీద ఇచ్చే అప్పుల గురించి (1908), ఆర్థర్ హామ్ ఇంటి సామాను తాకట్టు అప్పుల గురించి (1909) పుస్తకాలు రాశారు. న్యూయార్క్‌లో చట్టప్రకారం వడ్డీ ఏడాదికి 6 శాతం మించకూడదు. బయట నడిచేది నెలకి పది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కేసు కాకుండా తప్పించుకోడానికి ‘మేం అప్పివ్వట్లేదు, నీ రాబోయే జీతం కొంటున్నాం’ అని కాగితం రాయించుకునేవాళ్ళు. కట్టకపోతే ఆ కాగితం సరాసరి యజమాని దగ్గరికి వెళ్తుంది. అంటే అప్పుకి హామీ జీతం కాదు, నలుగురికీ తెలిసిపోతుందన్న భయం.

1910లో ఫౌండేషన్ దీనికోసమే ఒక విభాగం పెట్టి హామ్‌నే అధిపతిని చేసింది. చాలా నగరాల్లో ఆఫీసులు నడిపిన టోల్మన్ అనే వడ్డీ వ్యాపారి 1913లో జైలుకెళ్ళాడు. అంతకు ముందే, 1912లో, ఎడిసన్ కంపెనీతో కలిసి ‘ది యూజరర్స్ గ్రిప్’ అనే చిన్న మూకీ సినిమా తీశారు. బిడ్డ జబ్బు కోసం అప్పు చేసిన జంట కథ. బాలరౌట్ అందులో కనిపిస్తుంది. సినిమా ఇప్పటికీ ఉంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చూడండి.

చివరికి 1916లో రాష్ట్రాలకి పనికొచ్చేలా ఒక నమూనా చట్టం తయారైంది. 300 డాలర్ల లోపు అప్పులకి లైసెన్సు ఉండాలి, వడ్డీ నెలకి మూడున్నర శాతం దాటకూడదు. మన ఊరి లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ! ఏడాదికి 42 శాతం. పేదల పక్షాన నిలబడ్డ సంస్థ ఇంత వడ్డీని ఒప్పుకోవడమేంటని అప్పుడే తిట్టారు. వాళ్ళ జవాబు ఒక్కటే. చిన్న అప్పు వసూలుకి ఖర్చెక్కువ, మరీ తగ్గిస్తే లైసెన్సున్నవాడు తప్పుకుంటాడు, మళ్ళీ బాలరౌట్ వాడే దిక్కవుతాడు. ఈ వాదనలో పస ఉందని నాకూ తెలుసు. అయినా 42 అనే అంకె గొంతు దిగదు. రెండు డజన్ల పైగా రాష్ట్రాలు మాత్రం దాన్ని ఏదో రూపంలో తీసుకున్నాయి.

మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ 2022లో లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోటోలు ముట్టుకోకూడదంది. వడ్డీ అంకె జోలికి పోకుండా, ముందు భయపెట్టే దారి మూసే ప్రయత్నం అది. హామ్ బతికుంటే ఆ రూల్ వెంటనే అర్థమయ్యేది.

ఫౌండేషన్ పాత కాగితాలు ఇప్పుడు న్యూయార్క్‌కి ఉత్తరాన, స్లీపీ హాలో ఊళ్ళో, రాక్‌ఫెల్లర్ ఆర్కైవ్ సెంటర్లో ఉన్నాయి. ఏ పెట్టెలో ఏముందో చెప్పే కేటలాగ్‌ని ఫోన్‌లోనే తిరగేయొచ్చు. వాసమ్, హామ్ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. ఇంగ్లీషు పాతదే కానీ కష్టం కాదు. ముందు జీతం కొనుగోలు కాగితాల భాగం చదవండి, తర్వాత మీ ఫోన్‌లో ఏదైనా లోన్ యాప్ అడిగే పర్మిషన్ల జాబితా తెరిచి పక్కన పెట్టుకోండి.