అక్షరాల ఆట - ఆడవాళ్ళ చాకిరీ

పసిపిల్లలకు చదవడం నేర్పే పని ఇక ఫోనే చేసిపెడుతుందన్న మాట ఈ మధ్య ప్రభుత్వ సమావేశాల్లోనూ, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు నివేదికల్లోనూ తరచుగా వినబడుతోంది. తెరమీదికి అక్షరం వస్తుంది, దాని శబ్దం వినిపిస్తుంది. పిల్ల సరైన అక్షరాన్ని వేలితో తాకితే చప్పట్లు మోగుతాయి. బెత్తం భయంతో ఓనమాలు దిద్దిన మన తరానికి ఇది ముచ్చటగానే ఉంటుంది. ఆటగా చదువు నేర్పడాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ ఫోను ఎవరిది, ఆ భాష ఎవరిది, పిల్ల పక్కన కూర్చునేది ఎవరు అన్న ప్రశ్నలు వేయకుండా ఈ ఆటల్ని నెత్తికెత్తుకోలేం.

అవసరం లేదని కాదు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతమే. మిగిలినవాళ్ళెవరో మనకు తెలుసు. ఇంట్లో పుస్తకమన్నది లేని కూలీల పిల్లలు, బడి భాష ఇంటి భాష కాని ఆదివాసీ పిల్లలు. కొడుకుని ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపి, కూతుర్ని సర్కారు బడికి పంపే ఇళ్ళలోని ఆడపిల్లలు కూడా వీళ్ళలో ఉన్నారు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా చదవగలగాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం 2026-27ను గడువుగా పెట్టుకుంది. గడువు దగ్గరపడేకొద్దీ తేలిక దారుల మీద మోజు పెరగడం సహజం.

ఈ ఆటలు నిజంగా ఏం చేయగలవు? ఫిన్లండులోని యువాస్కులా విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి పుట్టిన గ్రాఫోగేమ్ అనే ఆట చాలా దేశాలకు పాకింది. శబ్దానికి అక్షరాన్ని జతచేయడం దాని పని. దానిమీద జరిగిన 19 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో అచ్చయింది. పదాలు చదవడంలో సగటున ఆ ఆట వల్ల కలిగిన ప్రయోజనం దాదాపు సున్నా అని అది తేల్చింది. పెద్దవాళ్ళు పక్కనుండి పట్టించుకున్న చోట మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం కనబడింది.

టాంజానియా అనుభవం కూడా చూద్దాం. అక్కడి టాంగా ప్రాంతంలో సుమారు 170 గ్రామాల్లో పిల్లలకు టాబ్లెట్లిచ్చి, స్వాహిలీలో చదువు నేర్పే ఆటల్ని 15 నెలలపాటు పరీక్షించారు. ఒక కోటి డాలర్ల బహుమతిని 2019లో రెండు సంస్థలు పంచుకున్నాయి. మొదట్లో నూటికి తొంభైమందికి పైగా పిల్లలు ఒక్క స్వాహిలీ పదం కూడా చదవలేకపోయేవారు. చివరికి ఆ సంఖ్య సగానికి తగ్గింది. చాలామట్టుకు ఎన్నడూ బడిగడప తొక్కని పిల్లల విషయంలో ఇది చిన్న విజయం కాదు. కానీ టాబ్లెట్ల బాగోగులు చూడడం, సౌరశక్తితో వాటిని చార్జి చేయించడం ఎవరి బాధ్యత? ఊరి "మామా"లది. స్వాహిలీలో మామా అంటే అమ్మ. బహుమతి యంత్రం వెనకున్నవాళ్ళకు దక్కింది, చాకిరీ అమ్మల పాలబడింది.

"పెద్దవాళ్ళెవరైనా పక్కనుంటే చాలు" అని నివేదికలు ఎంతో సులువుగా రాస్తాయి. మన ఊళ్ళలో ఆ "ఎవరైనా" ఎవరు? పొద్దుగూకేదాకా కూలికెళ్ళి వచ్చి పొయ్యి ముట్టించే తల్లి, తమ్ముణ్ణి చంకనేసుకు తిరిగే అక్క, అంగన్‌వాడీ టీచరమ్మ. అంగన్‌వాడీల మీద ఇప్పటికే 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ భారం ఉంది. వేతనాల పెంపు, గ్రాట్యుటీ కోసం ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేస్తే, ఆనాటి ప్రభుత్వం వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే గౌరవ వేతనం! ఇప్పుడు అదే చేతుల్లో అక్షరాల ఆటను కూడా పెడితే ఆ అదనపు గంటలకు లెక్క ఎవరు కడతారు?

ఇక ఫోను సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సగం కన్నా తక్కువ. ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ 2024 అసర్ సర్వేలోనూ, స్మార్ట్‌ఫోను వాడడం తెలిసిన 14-16 ఏళ్ళ పిల్లల్లో సొంత ఫోను ఉన్న మగపిల్లలు 36.2 శాతమైతే, ఆడపిల్లలు 26.9 శాతమే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులో బయటికి పోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక ముందు కొడుకు చేతికెళుతుంది. ఆడపిల్ల వంతు వచ్చేసరికి చార్జింగో, డేటానో అయిపోతుంది. ఇంటి పెత్తనాన్ని అలాగే ఉంచి చదువును ఫోనులో పెడితే, చదువు కూడా ఆ పెత్తనం కిందికే పోతుంది.

భాష దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు అచ్చులూ హల్లులే కాదు, గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో జరిగిన పరిశోధన, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాటినా సమయం పడుతుందని చూపింది. ఇంగ్లీషు కోసం కట్టిన ఆటలో అక్షరాల బొమ్మలు మార్చినంత మాత్రాన అది తెలుగు ఆట కాదు. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే బిడ్డకు ఆ తెలుగు కూడా పరాయిదే. అంతేకాదు, తెరమీద గరిట ఎవరి చేతిలో ఉంది, పుస్తకం ఎవరి చేతిలో ఉంది? పాఠ్యపుస్తకాలను మనం అడిగిన ప్రశ్నలే వీటినీ అడగాలి.

పిల్లలు ఆడుతుంటే ఆ ఆట పిల్లల్ని చదువుతూ ఉంటుంది. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో 160కి పైగా విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలించి, వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా సమాచారాన్ని వాడుకుంటున్నాయని తేల్చింది. మన 2023 డేటా రక్షణ చట్టం తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. చదవడం రాని తల్లి చేత ఒక మీట నొక్కించడాన్ని అనుమతి అనగలమా?

1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా స్త్రీలు అక్షరదీపం బడుల్లో కూడి చదువుకుంటూ, వాచకంలో తమ బతుకునే చూసుకుని సారా దుకాణాల మీదికి కదిలారు. అక్కడ చదువు వట్టి అక్షరాల గుర్తింపు కాదు, పదిమంది కూర్చుని మాట్లాడుకున్న మాట. ఆటలు ఆ మాటకు తోడుగా రావచ్చు, దాని స్థానంలోకి రాకూడదు.

కాబట్టి గ్రామాల్లో పనిచేస్తున్న మిత్రులారా, ఇలాంటి ప్రాజెక్టు మీ ముందుకొచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు కొన్ని షరతులు పెట్టండి. పరికరాలు ఇంటికి కాకుండా బడికి, అంగన్‌వాడీకి ఇవ్వాలి. ఆడపిల్లలకు ఎంతసేపు దక్కిందో విడిగా లెక్క రాయాలి. దగ్గరుండి నేర్పే స్త్రీకి ఆ పనికి వేతనం ఇవ్వాలి. ఇంటి భాషలో మొదలుపెట్టాలి. పిల్లల వివరాలు ఎక్కడికి పోతున్నాయో తల్లులకు నోటితో, అర్థమయ్యేలా చెప్పాలి. యంత్రానికి పెట్టే ఖర్చులో కొంతైనా కథల పుస్తకాలకు పెట్టాలి. ఇవేవీ కుదరవన్న చోట, ఆ ఆట మన పిల్లల కోసం తయారైంది కాదని నిర్మొహమాటంగా చెప్పే ధైర్యం మనకుండాలి.