బ్యాకప్ తెరుచుకోకపోతే తప్పు దుకాణదారుడిదా?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల మధ్య కాలు పెట్టడానికి చోటుండదు. జెండాపాట, కాంటాలు, తక్‌పట్టీలు, హమాలీల కూలి, రైతు ముందే తీసుకున్న అప్పు, ఖరీదుదారు ఇవ్వాల్సిన బాకీ అన్నీ ఇప్పుడు అడ్తి దుకాణంలోని ఒక్క కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ కంప్యూటర్ గురించి తెలిసినవాళ్లంతా చెప్పే మాట ఒకటే. అప్‌డేట్ వచ్చిన వెంటనే చేసుకో, రోజూ బ్యాకప్ తీసుకో, అప్పటికీ లెక్కలు పోతే తప్పు నీదే. ఈ మాటను నేను ఒప్పుకోను. మొదటి సలహా రెండోదాన్ని చంపగలదని వీళ్లు ఎవ్వరికీ చెప్పరు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన కాళ్ల మీద తాను నిలబడదు. గుమస్తా పద్దు రాస్తుండగా అదే ఫైలును కాపీ చేయాలంటే విండోస్‌లోని షాడో కాపీ సేవను ఆశ్రయించాలి. కింద ఉన్నది మారితే పైనున్నది ఆగిపోతుంది. 2024 డిసెంబర్‌లో ఆపిల్ విడుదల చేసిన మ్యాక్ఓఎస్ 15.2లో, ఏళ్లుగా జనం నమ్మిన సూపర్‌డూపర్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో బూట్ అయ్యే కాపీ తీయడం కుదరలేదు. వాడేవాళ్లు చేసిన తప్పేమీ లేదు, అప్‌డేట్ చేసుకున్నారు, అంతే.

ఆగిపోయినట్టు కనిపిస్తే కనీసం మెకానిక్‌ను పిలుస్తాం. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీ పాడైతే ఆదుకోవడానికి విండోస్ దాని నకలును ఒక ఫోల్డర్‌లో తనంతట తానే దాచేది. 2018లో వచ్చిన 1803 వెర్షన్‌తో ఆ పని ఆపేశారు. ఫోల్డర్ అలాగే ఉంది, ఫైళ్ల పేర్లూ ఉన్నాయి, లోపల మాత్రం సున్నా కిలోబైట్లు. షెడ్యూల్ చూస్తే పని విజయవంతంగా పూర్తయినట్టే చూపేది. డిస్కులో చోటు మిగల్చడానికి కావాలనే చేశామని మైక్రోసాఫ్ట్ వివరణ ఇచ్చింది 2019లో. అంతవరకూ ఆ నకలు ఉందనుకున్నవాళ్లది అజాగ్రత్త అనడానికి నోరెలా వస్తుంది? 2025 అక్టోబర్ 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ సంగతి చూడండి. సిస్టమ్ మొరాయిస్తే బాగుచేసుకోవాల్సిన రికవరీ తెరలోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. ఆరు రోజులకు సరిచేశారు. విండోస్ 10కి మద్దతు ఆపేసి, అందరూ 11కి మారాలని తొందరపెట్టిన రోజూ అదే.

లెక్కల సాఫ్ట్‌వేర్ దగ్గరా ఇదే ఇబ్బంది. ట్యాలీ 7.2 డేటా తర్వాతి వెర్షన్లలో తెరవాలంటే వేరే మైగ్రేషన్ టూల్ కావాలి. ట్యాలీప్రైమ్ 3.0కు మార్చిన డేటా పాత విడుదలలో తెరుచుకోదు. కొత్త సదుపాయాల కోసం డేటా అమరిక మార్చాల్సి వస్తుందనేది నిజమే, ఆ టూల్ ఇవ్వడమూ మంచిదే. కానీ బీరువాలో పాత బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ గురించి దుకాణదారుడికి ఎవరు గుర్తుచేస్తారు? కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి బాండు తీసుకున్న రైతుతో, రసీదుల పద్ధతి మార్చాం, నీ పాత బాండు చెల్లదంటే యార్డు ఊరుకుంటుందా?

భద్రత మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే సవరణ ఇచ్చినా వేసుకోని కంప్యూటర్లను మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ కబళించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దానికి చిక్కాయి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అందుకే అప్‌డేట్లు మానేయమని నేను ఎవరికీ చెప్పను. అయితే ఫైళ్లకు దొంగ తాళం వేసిన రోజున మిగిలేది బ్యాకప్ ఒక్కటే. భద్రత పేరుతో దాన్నే దెబ్బతీస్తే భద్రత ఎక్కడ? పైగా విండోస్ 10 నుంచి నెలవారీ అప్‌డేట్ అంతా ఒకే మూట. రక్షణ ముక్క ఇచ్చి మిగతా మార్పులు ఆపమనే వీలు మామూలు వినియోగదారుడికి లేదు. ఆ మూట కట్టింది కంపెనీ, అడ్తిదారు కాదు.

చట్టం మాత్రం వ్యాపారినే అడుగుతుంది. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలల దాకా లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ చెబుతుంది. అన్నేళ్లు లెక్క దాచే పూచీ వ్యాపారిదైతే, అన్నేళ్లూ ఆ ఫైలు తెరుచుకునేలా చూసే పూచీ దాన్ని తయారుచేసి అమ్మినవాడిది. ఏ అప్‌డేట్‌తో ఏ బ్యాకప్ పనిచేయదో విడుదలకు ముందే, తెలుగులో, తెర మీదే చెప్పాలి. పాత ఫైలును చదివే ఉచిత సాధనం ఆరేళ్లకు తగ్గకుండా అందుబాటులో ఉంచాలి. భద్రతా సవరణలను మిగతా మార్పుల నుంచి విడదీయాలి.

అది జరిగేదాకా నష్టం మనదే కాబట్టి సీజన్‌లో పెద్ద వెర్షన్ మార్పుల జోలికి పోవద్దు, భద్రతా అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయొద్దు. ప్రతి అప్‌డేట్ తర్వాత బ్యాకప్‌ను ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక రైతు ఖాతా తెరిచి, నిల్వ సరిపోయిందో లేదో చూడాలి. ఏడాది లెడ్జర్లను పీడీఎఫ్‌గా కూడా తీసిపెట్టాలి. వరంగల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఒక అడుగు ముందుకేసి, సభ్యులు రాసుకునే వార్షిక నిర్వహణ ఒప్పందాల్లో ఒక షరతు పెట్టించాలి. బ్యాకప్ తీసిచ్చినందుకు కాదు, దాన్ని తెరిచి చూపించినందుకే డబ్బు చెల్లిస్తామని.