జవాను అడగలేడు – మనం అడుగుదాం!

యుద్ధానికి పంపినవాళ్లే బాధ్యత వహించాలి! దయ కాదు, చట్టం కావాలి!

ప్రజలారా! మాజీ సైనికులారా! బిడ్డల్ని సైన్యానికి పంపిన తల్లిదండ్రులారా!

2025 మే 9న, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్నప్పుడు, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మన బిడ్డ మురళీ నాయక్ అమరుడయ్యాడు. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా అతని ఊరు. నాయకులు తండాకు వచ్చారు, పాడె మోశారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల పొలం, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించింది. మంచి పని చేసింది.

కానీ మురళీ నాయక్ అగ్నివీర్, అంటే నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకున్న జవాను. అతని పక్కనే కాపలా కాస్తున్న రెగ్యులర్ జవాను ఆ రోజు చనిపోయి ఉంటే, చివరి జీతం ఎంతో అంత మొత్తం అతని కుటుంబానికి నెలనెలా పింఛనుగా వచ్చేది. అగ్నివీర్ కుటుంబానికి ఆ పింఛను లేదు. బీమా 48 లక్షలు, ఎక్స్‌గ్రేషియా 44 లక్షలు, మిగిలిన సర్వీసు జీతం, సర్వీసు చివర ఇచ్చే సేవానిధి మొత్తం ఇచ్చి లెక్క మూసేస్తారు. కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి సమాన పింఛను కోసం బొంబాయి హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇది మనందరికీ సిగ్గుచేటు.

ముఖ్యమంత్రులు ఇచ్చే సాయాన్ని మేం తక్కువ చేయడం లేదు. 2020లో గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది ప్రాణాలిచ్చారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్లు, మిగతా 19 కుటుంబాలకు తలా 10 లక్షలు ప్రకటించింది. అది పెద్ద మనసే. అయితే జవాను కుటుంబం బతుకు ముఖ్యమంత్రి మనసు మీద, ఆ వారం టీవీలో వచ్చిన వార్త మీద ఆధారపడకూడదు. కెమెరాలు రాని ఊళ్లో, ఎవరూ పేరు వినని జవాను చనిపోయినా ఆ ఇంటికి అంతే హక్కు ఉండాలి.

పంపేటప్పుడు ఏం చేశారు?

జవాన్లను సరైన సామాను లేకుండా పంపడం ఒక్క పార్టీ తప్పు కాదు. 1962 అక్టోబరు 12న ప్రధాని నెహ్రూ కొలంబో బయల్దేరుతూ, చైనా సైన్యాన్ని మన భూభాగం నుంచి ఖాళీ చేయించమని ఆదేశించామని విలేకరులకు చెప్పారు. అప్పటికి చైనా సరిహద్దులోని నామ్కా చూ లోయలో మన జవాన్లు నూలు బట్టలతో చలికి వణుకుతున్నారు. ఒక్కొక్కరి దగ్గర ఉన్నవి 50 తూటాలు. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా దాడి చేసింది. ఆ యుద్ధంలో 1,300 మందికి పైగా మనవాళ్లు చనిపోయారు. ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు సైనికాధికారులు 1963లో ఇచ్చిన నివేదికను ఈనాటికీ ఏ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు.

తర్వాతైనా బుద్ధి వచ్చిందా? సియాచిన్ లాంటి మంచు శిఖరాల మీద కాపలా కాసేవాళ్లకు దుస్తులు, సామాను కొనడంలో నాలుగేళ్ల దాకా ఆలస్యం జరిగిందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చెప్పింది. 2020లో అది పార్లమెంటు ముందుకు వచ్చింది. మంచు కళ్లజోళ్ల కొరత 62 నుంచి 98 శాతం ఉందట. ఎండకు మెరిసే మంచును అద్దాలు లేకుండా చూస్తే కళ్లు దెబ్బతింటాయి.

గాయపడి తిరిగొస్తే ఏం చేస్తున్నారు?

చేరేటప్పుడు వైద్యపరీక్షలో ఏ జబ్బూ లేదని రాసుకుంటారు. పదిహేనేళ్లు కొండల్లో, ఎడారిలో పనిచేసి జబ్బుతో ఇంటికి వస్తుంటే ఆ జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని మెడికల్ బోర్డు రాస్తుంది. అలా తోసిపుచ్చడం కుదరదని, చేరేనాడు లేని జబ్బు సర్వీసులోనే వచ్చినట్టు భావించాలని సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లోనే తీర్పు చెప్పింది. అయినా రక్షణ శాఖ వైకల్య పింఛను గెలిచిన జవాన్ల మీద కోర్టుకు వెళుతూనే ఉంది. 2025లో ఢిల్లీ హైకోర్టు అలాంటి దాదాపు 300 పిటిషన్లను ఒకేసారి కొట్టేసింది. ప్రభుత్వం వకీళ్లకు మన పన్నుల డబ్బు ఇస్తుంది. జవాను తన పింఛను డబ్బుతో వకీలును పెట్టుకోవాలి.

మన ఊళ్లో చేలో పాము కరిచి కూలీ చనిపోతే ఆసామిని ఊరంతా నిలదీస్తుంది. పంపినవాడే బాధ్యుడన్న ఆ న్యాయం ఢిల్లీకి మాత్రం ఎందుకు వర్తించదు?

మనమే ఎందుకు అడగాలి?

యూనిఫాంలో ఉన్న జవాను యూనియన్ పెట్టుకోలేడు, ధర్నా చేయలేడు, పత్రికకు చెప్పుకోలేడు. ఆర్మీ చట్టం ఒప్పుకోదు. యుద్ధం చేయాలా వద్దా అని నిర్ణయించేది మనం ఓటేసి పంపిన నాయకులు. వాళ్లను ప్రశ్నించే హక్కు మన చేతిలో ఉంది. అడిగితే దేశద్రోహం అని ఎవరైనా అంటే, జవాను కోసం అడగడమే దేశభక్తి అని గట్టిగా చెప్పండి.

మా డిమాండ్లు

1. విధి నిర్వహణలో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి రెగ్యులర్ జవాను కుటుంబంతో సమానంగా పింఛను, అన్ని సౌకర్యాలు ఇవ్వాలి. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం కూడా సమాన ప్రయోజనాలు ఇవ్వాలనే సిఫారసు చేసింది.

2. అగ్నివీర్లలో సైన్యంలో ఉంచుకునేది 25 శాతానికి మించదు. మొదటి బ్యాచ్ నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. ఇంటికి వచ్చేవాళ్ల చేతిలో పెట్టే 11.71 లక్షల సేవానిధిలో సగం వాళ్ల జీతంలో కోసిందే. వాళ్లకు ఉద్యోగ హామీ చట్టంలో ఉండాలి.

3. వైకల్య పింఛను గెలిచిన జవాన్ల మీద వేసిన కేసులన్నీ ఉపసంహరించాలి.

4. ప్రతి యుద్ధం తర్వాత, ప్రతి పెద్ద ప్రాణనష్టం తర్వాత విచారణ జరిపి నివేదికను పార్లమెంటు ముందు పెట్టాలి. 1962 నివేదికతో మొదలుపెట్టాలి.

మీరు చేయాల్సింది

రాబోయే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి: "విధి నిర్వహణలో మరణించిన అగ్నివీర్ కుటుంబానికి రెగ్యులర్ సైనికుడి కుటుంబంతో సమానమైన పింఛనును చట్టబద్ధం చేయాలని ఈ గ్రామసభ కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతోంది." సర్పంచ్ సంతకంతో ఒక కాపీ కలెక్టరుకు, ఒకటి మీ ఎంపీకి, ఒకటి రక్షణ మంత్రికి పంపండి. తరతరాలుగా ఇంటికొక జవానును ఇస్తున్న మిలటరీ మాధవరం లాంటి ఊళ్లు ముందు నడవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. మీ ఎంపీ ఊరికి వస్తే దండ వేయకముందే ఈ నాలుగు డిమాండ్ల మీద జవాబు రాతపూర్వకంగా అడగండి.

మీ వీధిలో మాజీ జవాను గానీ, జవాను భార్య గానీ ఉంటే ఈ వారమే వాళ్లింటికి వెళ్లండి. పింఛను ఆగిందా, జీవన ప్రమాణ పత్రం ఆన్‌లైన్లో ఎక్కిందా, వేలిముద్ర పడుతోందా కనుక్కోండి. చిక్కు ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లండి.

ఒకే కాపలా – ఒకే త్యాగం – ఒకే పింఛను!
సైనికుడి హక్కును చట్టం చేయాలి!
జై జవాన్!

ఇట్లు,
మాజీ సైనికులు, జవాన్ల కుటుంబాలు, గ్రామస్థులు

(చదివాక పారేయకండి, మరొకరికి ఇవ్వండి)